వదిన ఆపని కంప్యూటర్

షాపు వెనక గది,
ఇస్త్రీ బల్ల మీంచి,
సోమవారం

పెంగ్విన్ మరదలికి,

ఇకమీదట ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాసుకుందాం అని ఒప్పందం చేసుకున్నాక మొదటి ఉత్తరం నేనే రాస్తున్నాను. వదినే ముందు తగ్గిందని మీ అన్నయ్య దగ్గర మురిసిపోకు. నేనేం తగ్గలేదు. ఫోన్లో నీ గొంతు వింటే రెండో మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. పోయినసారి "నేను ముందే చెప్పాగా వదినా" అన్నావు చూడు, అదే మాట ఉత్తరంలో రాసి ఉంటే ఆ ముక్క చించి పారేసి మిగతాది చదువుకునేదాన్ని. మెసేజ్‌లు కూడా పెట్టకు. చివర్లో నువ్వు పెట్టే ఆ నవ్వు బొమ్మ చూస్తే ఇంకా మండుతుంది. నీ నంబరు మోగకుండా పెట్టేశాను.

ఇక సంగతి. నాకు పెద్ద పని వచ్చింది. నాటకాల కంపెనీ మేనేజర్ షాపుకొచ్చి కొత్త నాటకానికి దుస్తులన్నీ నన్నే కుట్టమన్నాడు. రాజు, రాణి, మంత్రి, ఇద్దరు దొంగలు, ఒక దెయ్యం. ప్యాంటు పొడుగు తగ్గించండి, జిప్పు మార్చండి అనే మాటలు తప్ప ఈ షాపులో ఇంకో మాట విని ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. ఈ పని బాగా చేస్తే వాళ్ళ పనంతా ఇక నాదే. చెయ్యలేకపోతే జిప్పులే నా గతి.

ప్రతి దుస్తుకీ ప్యాటర్న్ కంప్యూటర్లో గీసి, కాగితం మీద ప్రింటు తీసి, దాని ప్రకారం గుడ్డ కత్తిరించాలి. నిన్న రాజుగారి కోటు గీస్తున్నాను. చెయ్యి సగంలో ఉండగా తెర నీలంగా మారి, "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అంది. ఎవర్ని అడిగి? లేచాక చూస్తే కోటుకి ఎడమ చెయ్యే మిగిలింది. పైగా ఈ కంప్యూటర్‌కి వయసు మీరిందట, కొత్త సిస్టం దీనికి రాదట, వేరేది కొనుక్కోమని రోజూ ఒక నోటీసు. నా కుట్టు మిషన్ నాకంటే పెద్దది. ఎవరైనా వచ్చి దానికి వయసు మీరిందని అనమను చూద్దాం! ఆ గొడవలో ప్రింటర్ కూడా అలిగి కూర్చుంది.

నేను నిన్ను సలహా అడగడం లేదు. సంగతి చెబుతున్నానంతే.

నీ వదిన

*

లైబ్రరీ, కంప్యూటర్ల గది,
గురువారం

కత్తెర వదినకి,

సలహా అడగలేదు కాబట్టి నేనూ సలహా ఇవ్వడం లేదు. ఈ కవర్లో ఒక పెన్‌డ్రైవ్ పెడుతున్నానంతే. నేను ముందే చె— సరే, రాయలేదు, చించకు.

ఇందులో లినక్స్ అనే వేరే సిస్టం ఉంది. అవును, నా బ్యాగు మీదా టీ కప్పు మీదా ఉన్న పెంగ్విన్ దాని గుర్తే. మీరందరూ నన్ను వెక్కిరించడానికి పనికొచ్చినదే. కంప్యూటర్ ఆపి, దీన్ని ముందు వైపు గుచ్చి, మళ్ళీ ఆన్ చెయ్యి. పాత సిస్టం నిద్రలో ఉంటుంది, దాని జోలికి ఇది పోదు. నువ్వు ఊరికే తిరిగి చూడొచ్చు, బట్టల షాపులో వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు. నచ్చితే నాకు ఒక్క ముక్క రాయి. తరవాత ఏం చెయ్యాలో అప్పుడు చెబుతాను. ఇప్పుడే అంతా రాస్తే నువ్వు చివరి పేజీ నుంచి మొదలుపెడతావని నాకు తెలుసు.

ఇది ఎవరు వాడతారు, మీ పెంగ్విన్ జనం అంతా గడ్డాలు పెంచుకుని నల్ల తెర ముందు కూర్చుంటారా అని ఒకసారి అడిగావు. మా గదికి వచ్చి చూడు. గడ్డం ఒక్కడికే ఉంది, అది కూడా బద్ధకం వల్ల. రిటైరైన కరెంటు మీటర్ల ఆయన వస్తాడు. "నేను బతుకంతా జనాల ఇళ్ళకి వెళ్ళి మీటరు చూశానమ్మా, తలుపు తీస్తేనే లోపలికి వెళ్ళాను. నా కంప్యూటర్లోకి మాత్రం ఎవరో తలుపు కొట్టకుండా వచ్చి నేనేం చూస్తున్నానో చూసి పోతున్నారు" అని మారాడు. సంగీతం టీచరమ్మ లాప్‌టాప్ ఆన్ అయ్యేలోపు పిల్లలు పాట సగం పాడేసేవారట, అందుకని మారింది. గడియారాలు బాగుచేసే ఆయనకి విప్పడానికి వీల్లేని వస్తువంటే అసహ్యం. లినక్స్‌ని విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ పాడుచేసి మహా ఆనందంగా ఉన్నాడు. పెళ్ళి వీడియోలు తీసే అతను మాత్రం వారం వాడి వెనక్కి వెళ్ళిపోయాడు. అతని ప్రోగ్రాం ఇందులో లేదు. అది కూడా దాచకుండా చెబుతున్నాను, తరవాత నన్ను తిట్టకు.

ప్యాటర్న్లు గీసే ప్రోగ్రాం మాత్రం ఉంది. నేను వెతికి చూశాను. పేరు కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌కి చుట్టాను.

రాజుగారి కుడి చెయ్యి త్వరగా మొలవాలని కోరుకుంటూ,

పెంగ్విన్

*

షాపు, కిటికీ పక్క మిషన్,
మంగళవారం

పెంగ్విన్‌కి,

నీ పెన్‌డ్రైవ్ పుల్ల అందింది. పెట్టి చూశాను. పరవాలేదు.

అంతకంటే చెప్పడానికేం లేదు. ఊరికే అడుగుతున్నాను, ఆ ప్యాటర్న్ల ప్రోగ్రాంలో ఛాతీ కొలత మారిస్తే చంక దానంతటదే మారేలా ఎలా పెట్టాలి? దెయ్యం వేషం కట్టే అతను బాగా లావు, దొంగ వేషం కట్టే అతను చీపురుపుల్ల. ఒకే ప్యాటర్న్ ఇద్దరికీ సర్దొచ్చేమోనని. ఊరికే.

ఇంకోటి. నా అలిగిన ప్రింటర్‌ని ఇది గుర్తుపట్టింది. నేనేం అడగలేదు, వైరు పెట్టానో లేదో "మీ ప్రింటర్ సిద్ధంగా ఉంది" అంది. నేను మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి మళ్ళీ చదివాను. పాతది దాన్ని ఎరగనట్టే మొహం తిప్పుకునేది కదా.

మీ అన్నయ్యకి ఈ సంగతి చెప్పలేదు. డ్యూటీ బస్సు దిగి ఇంటికెళ్ళే ముందు షాపులో కూర్చుని కంప్యూటర్లో పేకాట ఆడుకోవడం ఆయనకి అలవాటు. చెబితే "నా పేకలు ఏమయ్యాయి" అని గోల. వెతికితే ఇందులోనూ పేకాట ఉంది. తెచ్చి ఎదురుగా పెట్టాను. నిన్న వచ్చి ఆడాడు, గెలిచాడు, "పేకల రంగు బాగుందే, కొత్తగా వేశారా" అన్నాడు. అవునన్నాను. బస్సుకి స్టీరింగ్ ఉంటే చాలు, ఇంజను ఎవరిదో ఆయనకి అక్కర్లేదు.

చంక సంగతి త్వరగా రాయి.

వదిన

*

లైబ్రరీ, కంప్యూటర్ల గది,
శుక్రవారం

పరవాలేదు వదినకి,

చంక లెక్క వేరే కాగితం మీద బొమ్మతో సహా పెట్టాను. ఊరికే అడిగినదానికి ఊరికే జవాబు.

పరవాలేదంటే ఏంటి వదినా? నీ మాటల్లో పరవాలేదుకి ఎన్ని అర్థాలో నాకు తెలుసు. మా అన్నయ్యని పెళ్ళిచూపుల్లో చూసి వచ్చాక కూడా "పరవాలేదు" అన్నావట. ఆ తరవాత వారం తిరక్కుండా పెళ్ళి. అందుకే అడుగుతున్నా. నచ్చిందా, లేదా? ఒక్క ముక్క.

నాకెందుకింత పట్టుదల అంటావేమో, చెబుతాను. మన ఇంట్లో నేనిచ్చినది ఎవరూ వాడలేదు. బాబాయికి లాప్‌టాప్‌లో వేసిచ్చాను, పక్కింటివాళ్ళ చేత తీయించుకున్నాడు. పెద్దక్క "మా పెంగ్విన్ చెబుతూనే ఉంటుంది లే" అని నవ్వి టీవీ గొంతు పెంచింది. లైబ్రరీలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా చేతి మీదుగా మారి, దారిలో కనిపిస్తే ఆగి పలకరిస్తారు. ఇంటికి రాగానే నేను జోకర్ని. అందుకని నువ్వు, అందులోనూ నువ్వు, నచ్చింది అంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఇది నీ మీద ఒత్తిడి కాదు. కాస్త ఒత్తిడే.

మీటర్ల ఆయన నిన్న తన స్నేహితుణ్ణి వెంటపెట్టుకొచ్చాడు. అతని కంప్యూటర్ తెర మూలలో చెప్పుల ప్రకటనలు వస్తున్నాయట. "నాకు మోకాళ్ళ నొప్పి అని దానికెవరు చెప్పారు?" అని లబోదిబోమన్నాడు. అతనికీ నీకు పంపినలాంటి పుల్లే ఇచ్చాను. చూసి, అక్కడికక్కడే నచ్చిందన్నాడు. నోరారా. కొందరు అలా ఉంటారు.

జవాబు కోసం చూస్తూ,

పెంగ్విన్

*

షాపు, కత్తిరింపు బల్ల,
సోమవారం

పెంగ్విన్‌కి,

చంక కుదిరింది.

ఊపిరాడనంత పని చేశాను ఈ రోజుల్లో, అందుకే ఆలస్యం. రాజు అయిపోయాడు, ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ కూడా. రాణి గౌను వెనక కుచ్చుల దగ్గర నా తల ప్రాణం తోకకొచ్చింది కానీ చివరికి దారికొచ్చింది. మంత్రి, దొంగలు, లావుపాటి దెయ్యం, అందరూ ఆ కంప్యూటర్లో వరసగా పడుకుని ఉన్నారు. మొన్న మేనేజర్ వచ్చి తెర మీద చూశాడు. కుర్చీ లాక్కుని ఒక్కొక్కటీ మళ్ళీ చూశాడు. "ఇవి మీరే గీశారా" అన్నాడు. కాదు, జిప్పులు గీశాయి అందామనుకున్నా, ఆపుకున్నా. వచ్చే వారం ప్రింట్లు తీసి గుడ్డ కోయడం మొదలుపెడతాను. ప్రింటుకి పెద్ద కాగితం రోల్ రావాలి, దాని కోసమే ఆగాను.

నువ్వడిగిన ముక్క గురించి తొందరేం లేదు. చూస్తున్నాగా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పెట్టినప్పట్నుంచీ ఈ కంప్యూటర్‌ని ఆపనే లేదు. పాతది ఆపితే మళ్ళీ లేవడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది, అప్పట్నుంచి షాపు మూసేటప్పుడు తెర ఒక్కటే ఆపడం నాకు అలవాటు. ఇది ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా తనంతట తను పడుకోలేదు, అప్‌డేట్ అంటూ మొహం మార్చలేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు రెప్పపాటు పోయినా కింద ఉన్న బ్యాటరీ పెట్టె కీచుమని లాక్కొచ్చింది.

కానీ నీ పుల్లతో చచ్చే చావుగా ఉంది. కంప్యూటర్ ముందు ముక్కులా పొడుచుకొచ్చి, అటు నడిచినప్పుడల్లా గుడ్డ ముక్కలు తగులుకుంటున్నాయి. రాణిగారి లేసు చిరగబోయింది. శనివారం పొద్దున మా వీధిలో స్తంభాలు మారుస్తారట, మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదని చీటీ అంటించి వెళ్ళారు. ఎలాగూ ఆపాలి కదా, అప్పుడే ఆ పుల్ల కూడా పీకేసి నీకు పంపేస్తాను. మోకాళ్ళ నొప్పి ఆయనలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఇద్దువుగాని. నాకు దాంతో పని అయిపోయిందిగా.

తెర మీద "ఇన్‌స్టాల్" అని ఒక బొమ్మ మొదట్నుంచీ ఉంది. అన్నీ బాగానే నడుస్తున్నాయి కదా అని దాన్ని ముట్టుకోలేదు. అనవసరమైతే తీసేస్తాను.

వదిన

*

లైబ్రరీ, కంప్యూటర్ల గది,
గురువారం సాయంత్రం, కొరియర్‌లో

నా బంగారు వదినకి,

ఎలా ఉన్నావు? ఆరోగ్యం బాగుందా? వేళకి తింటున్నావా? రాజుగారి కోటు గురించి చదివి చాలా సంతోషపడ్డాను. నీ చేతిలో ఉన్న నేర్పు మన ఇంట్లో ఎవరికీ లేదని నేనెప్పుడూ అంటూనే ఉంటాను.

ఒక చిన్న విషయం, కంగారు పడాల్సిందేం లేదు. అసలేం లేదు. కంప్యూటర్ ఆపకు. పుల్ల ముట్టుకోకు. ఏ వైరూ పీకకు. నీకు భయమేస్తే ముందు ప్లగ్గు పీకుతావని నాకు తెలుసు, అందుకే భయపడాల్సిందేం లేదని రెండోసారి రాస్తున్నాను.

సంగతేంటంటే, నేను పంపిన లినక్స్ ఇంకా నీ కంప్యూటర్లో లేదు. అది పుల్ల మీద నుంచి నడుస్తోంది. ఊరికే వేసుకుని చూడమని ఇచ్చిన చొక్కా వదినా అది, నువ్వు దాన్నే వేసుకుని ఊరంతా తిరుగుతున్నావు. నువ్వు గీసినవన్నీ కంప్యూటర్ జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. కరెంటు ఉన్నంతసేపే ఉంటాయి. ఆపితే రాజు, రాణి, మంత్రి అందరూ పోతారు, మళ్ళీ తేవడం నా వల్లే కాదు, ఎవరి వల్లా కాదు. ఆ ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కితేనే అది నీ కంప్యూటర్లో కాపురం పెడుతుంది. అది ఎలాగో నువ్వు "నచ్చింది" అని రాశాక చెబుదామనుకున్నాను. నువ్వు రాయలేదు. నేను నువ్వింకా పేకలు తిప్పి చూస్తున్నావనుకున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చి పక్క రంధ్రంలో పెట్టి, ప్యాటర్న్ల ఫోల్డర్‌ని అందులోకి లాగు. తరవాత కరెంటు పోయినా దేవుడు పోయినా మనకి బెంగ లేదు.

ఈ కొరియర్ శనివారంలోపు చేరుతుందో లేదో బల్ల దగ్గరివాడు చెప్పలేకపోయాడు. నీకు ఫోన్ చేశాను. చాలాసార్లు చేశాను. ఒప్పందం తప్పానని తిట్టు, పరవాలేదు, కానీ నువ్వు ఎత్తలేదు. అన్నయ్యకి చేశాను. "నేను బస్సు నడుపుతాను, మీ ఇద్దరి మధ్య మాటలు మొయ్యను, పెళ్ళయిన కొత్తలో ఒకసారి మోసి ఇద్దరి చేతా తిన్నాను" అన్నాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. చెప్పీ చెప్పకముందే బస్సు బయల్దేరే వేళయిందని పెట్టేశాడు.

వదినా, దయచేసి.

నీ మరదలు

*

షాపు, నేల మీద కూర్చుని,
సోమవారం

బంగారు వదిన రాయునది,

నీ కొరియర్ ఇవాళ పొద్దున వచ్చింది. అవును, ఇవాళ. "వేళకి తింటున్నావా" దగ్గరే నాకర్థమైపోయేది, ఏదో కొంప మునిగిందని. ఇన్నేళ్ళలో నేను తిన్నానో లేదో నువ్వెప్పుడడిగావు?

జరిగింది విను. శనివారం పొద్దున మీ అన్నయ్య డ్యూటీకి వెళ్తూ షాపు ముందు బస్సు ఆపాడు. జనం ఎక్కి ఉన్నారు, వెనక హారన్లు. దిగి లోపలికొచ్చి, గుమ్మంలో నిలబడి, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, "మా చెల్లి కంప్యూటర్ ఆపొద్దంది. ఆపితే అంతా పోతుందట. వేరే పుల్లలోకి లాక్కోవాలట. నేను చెప్పేశాను, ఇంక నన్నేమీ అడక్కండి" అని వెళ్ళి బస్సెక్కేశాడు.

నిజం చెప్పాలంటే ముందు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా షాపు, నా కంప్యూటర్, నా కరెంటు, ఆవిడెవరు ఆర్డర్లు వెయ్యడానికి, అది కూడా నా మొగుడి చేత! చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. నీ మీద కోపంతో నిజంగానే నొక్కబోయాను, ఒట్టు.

అక్కడ ఆగింది చెయ్యి. నువ్వు నాకు ఆర్డర్లు వేసేదానివే. నోరున్న మనిషివి, ఎన్నైనా వేస్తావు. కానీ ఒప్పందం పెట్టుకున్నాక తప్పేదానివి కావు. మీ అన్నయ్యా అంతే, మన మధ్య మాట మోయడం ఆయనకి పాముని పట్టుకోవడంతో సమానం. అలాంటిది నువ్వు ఆయన్ని అడిగావు, ఆయన నిండు బస్సు ఆపి మోసుకొచ్చాడు. ఇద్దరికిద్దరూ మాట తప్పారంటే నా రాణీ రాజూ పోయే సంగతే అయి ఉండాలి. ఫోన్ తీసి చూస్తే నీ కాల్స్ తెర పట్టనన్ని ఉన్నాయి. ప్లగ్గు వైపు వెళ్ళకుండా నా చేతుల్ని నేనే కట్టుకున్నాను.

పక్క ఫోటో స్టూడియో ఆయన దగ్గరకి పరిగెత్తి ఒక పుల్ల లాక్కొచ్చాను. "ఏమైందమ్మా" అని ఆయన వెనకే వచ్చాడు. ఫోల్డర్ లాగాను. అది మెల్లగా పోతోంది, దెయ్యం బరువు మరి. రాణి దగ్గరకి రాగానే టప్పున వీధి మొత్తం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. తెర మాత్రం వెలుగుతూనే ఉంది, కింద బ్యాటరీ పెట్టె కుయ్ కుయ్ అని ఏడుస్తోంది. నేనూ స్టూడియో ఆయనా తెర మీద ఎంత ఎక్కిందో చూపించే గీత వైపు చూస్తూ నిలబడ్డాం. ఆయనకి నాటకంతో ఏ సంబంధం లేదు, అయినా గోళ్ళు కొరుక్కున్నాడు. చివర్లో మంత్రి కూడా ఎక్కాడు. "అయిపోయింది" అని తెర మీద రాగానే స్టూడియో ఆయన పుల్ల పీకి గుండెకి అదుముకున్నాను. కాసేపటికి పెట్టె ఏడుపు ఆపింది, తెర నల్లబడింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

తరవాత నిజంగానే ఏడ్చాను. స్టూడియో ఆయన ఫోటో తీయబోతే కత్తెర చూపించాను.

అన్నీ ఉన్నాయి. కరెంటొచ్చాక స్టూడియోలో పెట్టి తెరిచి చూసుకున్నాం. ఒక్కటే పోయింది. నీ పుల్ల అప్పటికే పీకేశాను కదా, సాయంత్రం మీ అన్నయ్య వచ్చి కూర్చుని ఆన్ చేస్తే పాత సిస్టం లేచింది. ఇన్నాళ్ళూ ఆయన గెలిచిన ఆటల లెక్కంతా కరెంటుతో పాటే గాలిలో కలిసిపోయింది. "నా గెలుపులు! డెబ్భై దాకా ఉండాలి!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాను అసలు సంగతి. నోరెళ్ళబెట్టి, "అంటే ఇన్నాళ్ళూ నేనాడింది మా చెల్లి కంప్యూటరా" అన్నాడు. రాజూ రాణీ బతికినందుకు కాదు, ఆ గెలుపులు పోయినందుకు రెండ్రోజులుగా ఇంట్లో సంతాపం.

ఇప్పుడు ఆ ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కడం ఎలాగో రాయి. వరసగా రాయి. చివరి నుంచి మొదలుపెట్టను.

వదిన

*

లైబ్రరీ, కంప్యూటర్ల గది,
గురువారం

గౌరవనీయులైన వదినగారికి,

తమరు క్షేమమని తెలిసి ఆనందించాను. మీరు అని రాస్తున్నానంటే నాకు పీకల దాకా కోపం ఉందని అర్థం. ఒక్క ముక్క రాయడానికి మీ చెయ్యి నొప్పెట్టిందా? పరవాలేదు, చూస్తున్నా, తొందరేం లేదు! ఆ ఒక్క ముక్క మొదటి వారమే రాసి ఉంటే నేను కొరియర్ బల్ల దగ్గర అందరి ముందూ ముక్కు చీదుకునేదాన్ని కాదు. శుక్రవారం మా గదిలో ఎవరు ఏం అడిగినా నేను "ఆపకండి, ఆపకండి" అన్నాను. మీటర్ల ఆయన నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

సోమవారం అన్నయ్య ఫోన్ చేసి, "అన్నీ దక్కాయి, నావి తప్ప" అన్నాక గానీ నాకు అన్నం సయించలేదు.

సరే. కోపం అయిపోయింది. నాది కూడా తప్పే. నచ్చిందనిపించుకోవాలనే యావలో, అసలు చెప్పాల్సింది దాచి కూర్చున్నాను. ఆపితే పోతుందని మొదటి ఉత్తరంలోనే పెద్ద అక్షరాలతో రాయాల్సింది. గడియారాల ఆయన కూడా మొట్టికాయ వేసినంత పని చేశాడు.

వరసగా రాస్తున్నాను. పాత సిస్టంలో ఉన్న నీ ఫైళ్ళు, కస్టమర్ల కొలతలు, అన్నయ్య పెళ్ళి ఫోటోలు, అన్నీ ముందు వేరే పుల్లలోకి లాగు. లాగాక ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడు. చూశాక నా పుల్ల పెట్టి, ఇన్‌స్టాల్ నొక్కు. ఒకచోట "మొత్తం తుడిచి పెట్టమంటారా" అని అడుగుతుంది. ముందు చెప్పినదంతా చేశాకే అవునను. మిగతా ప్రశ్నలకి బొమ్మలతో సహా జవాబులు వేరే కాగితం మీద ఉన్నాయి. అయిపోయాక పుల్ల పీకెయ్యి. ఈసారి నిజంగా పీకొచ్చు. ఆపొచ్చు కూడా. ఆపి, మళ్ళీ ఆన్ చేసి, రాజుగారు ఉన్నారో లేదో నీ కళ్ళతో చూసుకో.

ఈసారి నేనేమీ అడగను. నచ్చిందా అని అసలే అడగను.

నీ మరదలు

*

షాపు, కంప్యూటర్ పక్కనే,
ఆదివారం

పెంగ్విన్‌కి,

నాటకం నిన్న ఆడారు. రాజు కోటు చెయ్యెత్తినా చంక పట్టలేదు. రాణి వెనక్కి తిరగ్గానే ఆ కుచ్చులు చూసి జనం అబ్బా అన్నారు, రాణి మాట కూడా వినపడలేదు. దెయ్యం మాత్రం మెట్ల మీద తన అంచు తనే తొక్కుకుని పడ్డాడు. అది ప్యాటర్న్ తప్పు కాదు, అతను చెప్పులు మార్చాడు. మేనేజర్ ఇవాళ పొద్దున్నే వచ్చి తరవాతి నాటకం కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఈసారి సైనికులట, బోలెడుమంది. గుమ్మం మీద "జిప్పులు మార్చబడును" అన్న బోర్డు తీసేసి కింద పెట్టాను. మీ అన్నయ్య దాన్ని బల్ల కాలి కింద పెట్టాడు, ఇప్పుడు బల్ల ఊగడం లేదు.

నీ కాగితం ప్రకారం వరసగా చేశాను. తుడవమంటారా అన్నప్పుడు స్టూడియో ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను, మళ్ళీ గోళ్ళు కొరకడానికి మనిషి కావాలిగా. అయ్యాక ఆపాను. ఆన్ చేశాను. రాజుగారు అక్కడే ఉన్నారు. మళ్ళీ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఊరికే, సరదాగా. మీ అన్నయ్య కొత్తగా గెలుపులు మొదలుపెట్టాడు, రోజూ వెళ్ళేముందు అవి ఉన్నాయో లేదో చూసుకుని మరీ వెళ్తున్నాడు. స్టూడియో ఆయన తనకీ ఒక పుల్ల కావాలంటున్నాడు. తన ఫోటోల ప్రోగ్రాం ఇందులో ఉందో లేదో ముందు కనుక్కోమన్నాను. పెళ్ళి వీడియోల అతని సంగతి చెప్పాను. చూశావా, నేనూ నీలాగే నిజాలు మాట్లాడుతున్నాను.

మేనేజర్ అడిగాడు, ఎందుకు మారారమ్మా అని. ప్రింటర్ పలికింది, పాత కంప్యూటర్ కుర్రదైంది, నా చెయ్యి సగంలో ఉండగా ఎవరూ వచ్చి తెర మార్చడం లేదు అని ఇవన్నీ చెప్పాను. అన్నీ నిజమే. కానీ ఆయన వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే, అవేవీ కాదే అసలు సంగతి. నాకొక మరదలుంది. నేను ఫోన్ ఎత్తకపోయినా తిట్టకుండా మళ్ళీ మళ్ళీ చేస్తుంది. నా కోసం కొరియర్ బల్ల దగ్గర నలుగురిలో ముక్కు చీదుతుంది. చీపురుపుల్ల దొంగకీ లావుపాటి దెయ్యానికీ చంక లెక్క బొమ్మ గీసి పంపుతుంది. అలాంటి మనిషి పట్టుకొచ్చిన వస్తువు మంచిది కాకుండా ఎలా ఉంటుంది? అది నాకు మొదటి రోజే తెలుసు. నీకు చెబితే నువ్వు ఎగిరి గంతేస్తావని చెప్పలేదు. నీ గంతులు చూస్తే నాకు ఉక్రోషం.

ఇవాళ నీ నంబరు మళ్ళీ మోగేలా పెట్టాను. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. పోట్లాడుకుందాం. నేను పెట్టేస్తే నువ్వు మళ్ళీ చెయ్యి, ఎలాగూ చేస్తావుగా. బాబాయికీ పెద్దక్కకీ నేనే ఒక ఉత్తరం రాస్తున్నాను, అందులో ఏం రాశానో వాళ్ళనే అడుగు.

అన్నట్టు మరిచాను. మొదట్లో నువ్వొక ముక్క అడిగావు.

నచ్చింది.

"నేను ముందే చెప్పాగా వదినా" అన్నావో, చూడు మరి.

నీ వదిన